నలభై మంది తరగతిలో ఒక్కొక్కరికీ పాఠం: వైయక్తిక బోధనపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

మీరు అడిగినవి రెండు. మీ బడిలో ఆరో తరగతికి ట్యాబ్‌లు ఇచ్చి, ప్రతి విద్యార్థీ తన వేగంతో తాను లెక్కలు నేర్చుకునే ఏర్పాటు చేయాలనుకుంటున్నారు. ఒక్కొక్కరికీ విడిగా నేర్పితే సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోతాడని పరిశోధనలో తేలిందంటూ దాన్ని అమ్మడానికి వచ్చినవారు చెప్పారు. ఆ మాట నిజమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. ట్యాబ్‌లు ఉన్నా లేకపోయినా, నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్క టీచరు ఏం చేయగలదన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. వైయక్తిక బోధన మీద వచ్చిన పరిశోధనలు చదవడం, చదివించడం నా పనిలో భాగం. మీ రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. కానీ మొదటిది తేలకుండా దానికి జవాబు చెప్పలేను.

98 శాతం అన్న అంకె ఎవరో పుట్టించింది కాదు. 1984లో విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసంలోది. ఆయన దగ్గర పరిశోధన చేసిన ఇద్దరు విద్యార్థులు పిల్లలకు మూడు రకాలుగా పాఠాలు చెప్పించారు. కొందరికి మామూలు తరగతి బోధన. ఇంకొందరికి తరగతిలోనే ప్రతి పాఠం తర్వాత చిన్న పరీక్ష పెట్టి, తప్పులు సరిదిద్ది, పట్టు చిక్కాకే ముందుకు తీసుకువెళ్లే బోధన. మిగిలినవారికి ఒక్కొక్కరికో, ఇద్దరు ముగ్గురికో ఒక టీచరు. ఈ చివరి బృందంలోని సగటు విద్యార్థి మొదటి బృందం సగటు కంటే రెండు ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) పైన నిలిచాడు. అంటే మామూలు తరగతిలో నూటికి 98 మందికి పైన.

అయితే ఆ ప్రయోగాలు నడిచింది మూడు వారాలు. పాఠాలు సంభావ్యత, పటాల తయారీ. పిల్లలకు కొత్త విషయాలు. పరీక్ష కూడా సరిగ్గా ఆ చెప్పిన పాఠం మీదే పెట్టారు. పైగా విడిగా చెప్పించుకున్న పిల్లలకు గీటురాయి ఎక్కువ: తరగతిలో పట్టు సాధించాల్సిన బృందానికి చిన్న పరీక్షలో 80 శాతం చాలు, వీళ్లు 90 శాతం తెచ్చుకుంటేనే తర్వాతి పాఠం. కాబట్టి ఆ ఫలితంలో టీచరు పక్కన కూర్చోవడం వాటా ఎంత, గట్టి గీటురాయి వాటా ఎంత అన్నది విడదీయలేం. ఇంకో మాట. బ్లూమ్ ఆ వ్యాసాన్ని ‘రెండు సిగ్మాల సమస్య’ అన్నారు; సిగ్మా అంటే ప్రామాణిక విచలనమే. ప్రతి బిడ్డకూ ఒక టీచరును పెట్టే ఖర్చు చాలా సమాజాలు భరించలేవు, మరి అంత ఫలితాన్ని తరగతి గదిలోనే రాబట్టే దారి ఏదన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నను వదిలేసి అంకెను మాత్రం పట్టుకుని సరుకు అమ్మడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

తర్వాత వచ్చిన లెక్కలు నేలకు దగ్గరగా ఉన్నాయి. 2011లో పరిశోధకుడు కర్ట్ వాన్‌లేన్ ఇలాంటి అధ్యయనాలను పోగుచేసి చూస్తే, మనిషి పక్కనుండి నేర్పినప్పుడు వచ్చే లాభం సుమారు 0.79 ప్రామాణిక విచలనం. 2020లో నికో, ఓరియోపౌలస్, క్వాన్ అనే ముగ్గురు, పిల్లలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి జరిపిన 96 ప్రయోగాలను కలిపితే 0.37 వచ్చింది. 0.37 అంటే వందమంది వరుసలో నడిమధ్య ఉన్న విద్యార్థి ఇంచుమించు 64వ స్థానానికి ఎక్కడం. 98 పక్కన అది చిన్నగా కనిపిస్తుంది గానీ, బడి చదువులో ఇంత మార్పు తెచ్చే పద్ధతులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా నేర్పడం వల్ల ప్రయోజనం ఉందా అంటే ఉంది, గట్టిగానే ఉంది.

కానీ ఈ అధ్యయనాలన్నింటిలో పిల్లల పక్కన ఒక మనిషి ఉన్నాడు. మీకు అమ్మజూపుతున్నది అది కాదు. ‘తన వేగంతో తాను’ అన్నది వేరే ఆలోచన, దాని చరిత్ర వేరు. బి.ఎడ్.లో కార్యక్రమయుత అభ్యసనం పేరుతో మీరు చదివే ఉంటారు. 1950లలో మనస్తత్వవేత్త స్కిన్నర్ బోధనా యంత్రాలతో ఊపందుకున్న ఆ ఆలోచన, 1960లలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఐపీఐ (ఒక్కొక్కరికీ విడిగా నిర్దేశించిన బోధన) అనే పథకంతో బడుల్లోకి పూర్తిస్థాయిలో వచ్చింది. సిలబస్‌ను చిన్న చిన్న మెట్లుగా కోశారు. ప్రతి మెట్టుకూ ఒక పుస్తకం, ఒక పరీక్ష. విద్యార్థి తనంతట తాను చదివి, రాసి, జవాబుల పట్టికతో దిద్దించుకుని, 80 శాతం వస్తే పై మెట్టుకు. ట్యాబ్ లేదు, అంతే తేడా. ఇటువంటి పథకాల మీద ఉన్నత తరగతుల్లో జరిగిన 51 అధ్యయనాలను బాంగర్ట్, కులిక్ దంపతులు కలిసి 1983లో సమీక్షించారు. సగటు లాభం 0.10. యాభయ్యో స్థానంలోని విద్యార్థి యాభై నాలుగుకు. ఇంత కష్టానికి దక్కింది అది.

ఎందుకలా జరిగిందో అంకెలు చెప్పవు. అది చెప్పింది 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ రాసిన ఒక చిన్న అధ్యయనం. ఉపాధ్యాయులందరి చేతా నేను చదివించేది అదే. ఆయన గణాంకాల జోలికి పోలేదు. పన్నెండేళ్ల ఒక్క కుర్రాడితో కూర్చుని మాట్లాడారు. వ్యాసంలో ఆ అబ్బాయి పేరు బెన్నీ. రెండో తరగతి నుంచి ఐపీఐలోనే చదువుతున్నాడు, ఆరో తరగతికి వచ్చాడు, టీచరు దృష్టిలో బాగా ముందున్న విద్యార్థి, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతున్నాడు. పదింట రెండును దశాంశంగా రాయమంటే 1.2 అని రాశాడు. పదకొండింట నాలుగు ఎంతంటే 1.5. నాలుగింట పదకొండు ఎంతంటే అదీ 1.5. అతని సూత్రం తేలికే: లవాన్నీ హారాన్నీ కూడు, మధ్యలో ఎక్కడో చుక్క పెట్టు. పదీ రెండూ పన్నెండు, కనుక 1.2. ఆ రెండు భిన్నాలకూ ఒకే జవాబు వస్తుందే అన్న అనుమానం అతనికి రాలేదు, ఎందుకంటే అతని దృష్టిలో లెక్కలంటే అర్థం ఉన్నవి కావు. ఎవరో ఎప్పుడో తయారుచేసిన నియమాల పోగు. తన జవాబు సరైనదే అయినా పట్టికలో మరో రూపంలో ఉంటే తప్పు పెడతారని అతనికి అనుభవం మీద తెలుసు. అందుకని పట్టికలో ఏముందో పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాడు.

ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాదు, బద్ధకస్తుడు అసలే కాదు. నాలుగేళ్లపాటు అతని జవాబు చూసినవారున్నారు గానీ, ‘ఇది ఎలా వచ్చింది నాయనా’ అని అడిగినవారు లేరు. పదిలో ఎనిమిది సరిపోతే పై మెట్టుకు పంపే ఏర్పాటులో మిగిలిన రెండు తప్పుల వెనక ఏం దాగుందో ఎవరికీ పట్టదు. ఆ రెండే అతని గణితం మొత్తాన్నీ తినేశాయి.

ఇది ఎక్కడో దూరాన జరిగిన కథ అనుకోకండి. నా తరగతిలోనూ జరిగింది. ఐదో తరగతిలో ఒక అమ్మాయి తీసివేతల కాగితంలో పదికి ఆరు సరిగ్గా చేసింది. ‘ఇంకాస్త సాధన కావాలి’ అని రాసి మరో పది లెక్కలిచ్చాను. మళ్లీ ఆరే. మూడోసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని 403లోంచి 128 తీసెయ్యమని, చేస్తూ పైకి చెప్పమని అడిగాను. ఒకట్ల స్థానం దగ్గర, ‘ఎనిమిదిలోంచి మూడు పోతే ఐదు’ అంది. పదుల దగ్గర, ‘రెండులోంచి సున్నా పోతే రెండు’. వందల దగ్గర మూడు. జవాబు 325. పైది చిన్నగా ఉంది కదమ్మా అంటే, ‘ఎప్పుడూ పెద్ద దానిలోంచే చిన్నది తీసెయ్యాలి కదా టీచర్’ అంది, నాకే గుర్తు చేస్తున్నట్లు. ఆ మాట ఆమెకు చెప్పింది మేమే, రెండో తరగతిలో. అప్పు తెచ్చుకోవాల్సిన లెక్క తగిలిన ప్రతిసారీ ఆమె ఆ నియమాన్ని శ్రద్ధగా పాటించింది. నేనిచ్చిన అదనపు సాధన ఆమెకు చేసిన మేలు ఒక్కటే: తప్పు మరింత గట్టిపడింది. ఆ రోజు పది రూపాయల నోట్లూ ఒక రూపాయి నాణేలూ ముందు పెట్టి, మూడు రూపాయలున్న చేతిలోంచి ఎనిమిది ఇమ్మంటే, ఏం చేయాలో ఆమే చెప్పింది. పట్టిన సమయం ఎనిమిది నిమిషాలు. 1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేతల తప్పులను వర్గీకరించినప్పుడు ఇదే పొరపాటు వారి జాబితాలోనూ ఉంది. పిల్లల తప్పుల్లో చాలావరకు అజాగ్రత్త కావు, పద్ధతి ప్రకారం చేసే తప్పులని వారు చూపించారు.

ఇప్పుడు మీ ట్యాబ్‌ల దగ్గరికి వస్తాను. వాన్‌లేన్ సమీక్షలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించిన అంశం ఇదే. చివరి జవాబు చూసి ఒప్పో తప్పో చెప్పే సాఫ్ట్‌వేర్ల లాభం 0.31. విద్యార్థి వేసే ప్రతి అడుగునూ చూసి, అడుగు తప్పిన చోటే ఆపి సూచన ఇచ్చే సాఫ్ట్‌వేర్ల లాభం 0.76. మనిషి 0.79 అయితే ఇది 0.76. తేడా తెర వల్ల కాదు, మనిషి వల్లనూ కాదు. ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టిందో కనిపెట్టడం వల్ల. మార్కెట్లో ‘వ్యక్తిగతం’ అన్న పేరుతో దొరికేవాటిలో చాలావరకు మొదటి రకమే: నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కించి, తప్పైతే ఇంకో ప్రశ్న ఇచ్చేవి.

రెండో బలమైన అంశం, ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నామన్నది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం మీద మురళీధరన్, సింగ్, గనీమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం చూడండి. అందులో పాల్గొన్నవారు 619 మంది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. లాటరీలో అవకాశం దక్కినవారికి బడి అయ్యాక రోజూ గంటన్నర: సగం సమయం కంప్యూటర్ ముందు, సగం సమయం పన్నెండు పదిహేను మందికి ఒక బోధకుడితో. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆరో తరగతి సిలబస్ ఇవ్వలేదు. ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో అక్కడినుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 లాభం. అవకాశం దక్కని పిల్లల్లో అట్టడుగు మూడోవంతు ఆ నెలల్లో బడిలో కూర్చుని దాదాపు ఏమీ నేర్చుకోలేదు. ఆ వాక్యం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా తరగతుల్లో వెనక బెంచీల మీద నిశ్శబ్దంగా కూర్చున్నవారందరూ గుర్తొచ్చారు. అదే అధ్యయనంలో మరో సంగతి కూడా ఉంది, దాన్ని మీ ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పండి: ఆ పిల్లలు నిజంగా ఎంతో నేర్చుకున్నా, బడిలో పెట్టే తరగతి స్థాయి లెక్కల పరీక్షల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. నాలుగో తరగతి స్థాయి నుంచి ఐదుకు ఎక్కిన విద్యార్థికి ఆరో తరగతి ప్రశ్నపత్రంలో ఆ సంగతి తెలిసే చోటు ఉండదు.

దీనికి కంప్యూటరే అక్కరలేదు. చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ ఉత్తరప్రదేశ్‌లో నిర్వహించిన అభ్యసన శిబిరాల్లో పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. అక్షరాలు, పదాలు, పేరా, కథ, ఇలా. అక్కడ లాభం 0.6 నుంచి 0.7 దాకా వచ్చింది. అయితే అదే సామగ్రినీ శిక్షణనూ ఇచ్చి, రోజులో దానికంటూ ఒక వేళ కేటాయించని చోట్ల టీచర్లు సిలబస్ పూర్తిచేయడంలోనే మునిగిపోయారు, ఫలితం లేదు. వాళ్లను నేను తప్పుపట్టను. సిలబస్ ఎంతవరకు వచ్చిందని పైవాళ్లు అడుగుతారు, పిల్లలు ఎంతవరకు వచ్చారని అడగరు.

మీ ట్యాబ్‌లతోపాటు టీచరుకు రోజూ నివేదికలు వస్తాయని కూడా చెప్పి ఉంటారు. నివేదిక రావడం వేరు, బోధన మారడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వంద పాఠశాలల టీచర్లకు వారి పిల్లల లోపాలను వివరంగా చూపే నివేదికలు ఇచ్చి, ఇవ్వని మూడువందల పాఠశాలలతో పోల్చిన అధ్యయనాన్ని మురళీధరన్, సుందరరామన్ 2010లో ప్రచురించారు. పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు మరింత శ్రద్ధగా బోధిస్తూ కనిపించారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. నివేదిక చూశాక ‘రేపు ఉదయం వీళ్ల ఐదుగురితో ఈ పని చేస్తాను’ అనుకునే తీరిక, అధికారం, సామగ్రి టీచరుకు ఉండాలి. అవి లేకపోతే అది మరో కాగితం.

ఒకరికీ మరొకరికీ ఏ తేడాను బట్టి బోధన మార్చాలన్నది కూడా మీరు తెలుసుకోవాలి. ‘చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు’ అంటూ పిల్లలను విడదీయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2008లో పాష్లర్, ఆయన సహచరులు ఆ వాదాన్ని పరీక్షించి, దానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పనికొచ్చే తేడా, ఆ పాఠానికి ముందు అవసరమైనది విద్యార్థికి ఎంత వచ్చు అన్నది. కొత్తగా నేర్చుకునేవారికి పూర్తిగా చేసి చూపిన లెక్కలు బాగా ఉపయోగపడతాయి. పట్టు వచ్చినవారికి అవే అడ్డు తగులుతాయి. చదవడం నేర్పడంలోనూ ఇదే. కరోల్ కానర్ బృందం 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో ఒకటో తరగతి పిల్లల పదసంపదనూ చదివే స్థాయినీ కొలిచి, ఎవరికి అక్షరం–ధ్వని పని టీచరుతో ఎన్ని నిమిషాలు కావాలో, ఎవరికి సొంతంగా చదువుకునే సమయం ఎంత కావాలో లెక్కకట్టి ఇచ్చారు. ఆ కొలతకు దగ్గరగా నడిచిన తరగతుల్లో పిల్లలు ఎక్కువ ముందుకెళ్లారు. అందులోనూ బోధించింది టీచరే, చిన్న బృందాల్లోనే.

ఇక నలభై మందితో మీరేం చేయాలో నా అనుభవం నుంచి చెబుతాను. ఏడాది మొదట్లో ఒక్క కాగితం తయారుచేసుకోండి. ఆరో తరగతి ప్రశ్నలు వద్దు, రెండో తరగతి నుంచి ఐదు వరకు పునాది లెక్కలు పన్నెండు చాలు: స్థానవిలువ, సున్నా ఉన్న తీసివేత, భాగహారం, రెండు భిన్నాలను పోల్చడం. మార్కులు వేయకండి. కాగితాలను మార్కుల వరుసలో కాకుండా తప్పుల వరుసలో పేర్చండి. మార్కుల్లో ఆరు వచ్చిన ఇద్దరు అమ్మాయిలకు అవసరమైనవి పూర్తిగా వేరు వేరు పాఠాలు కావచ్చు. మొదటిసారి నేనలా పేర్చినప్పుడు, నలభై రెండు కాగితాలు ఐదే కుప్పలయ్యాయి. నలభై రెండు రకాల బోధన అక్కరలేదని అప్పుడు తెలిసింది, నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

వారానికి మూడు పీరియడ్లలో ఇరవై నిమిషాల చొప్పున కేటాయించి, ప్రతిసారీ ఒక కుప్పలోని ఎనిమిది మందిని మీ చుట్టూ కూర్చోబెట్టుకోండి. ట్యాబ్‌లు వస్తే అవి బాగా పనికొచ్చేది ఇక్కడే: మీరు ఎనిమిది మందితో ఉన్నప్పుడు మిగిలిన ముప్పై రెండు మందికి తమ తమ స్థాయిలో సాధన. ఆ ఎనిమిది మందితో ఉన్న సమయంలో పాఠం చెప్పకండి, చెప్పించుకోండి. ‘ఎలా వచ్చింది?’ అని ఒప్పు జవాబు చెప్పినవారినీ అడగండి. తప్పైనప్పుడు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్నే తప్పుకు గుర్తని పిల్లలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. రెండు మూడు వారాలకొకసారి కుప్పలు మళ్లీ పేర్చండి. ఒకే బృందంలో ఏడాదంతా ఉండిపోయిన విద్యార్థికి ఆ బృందమే పేరైపోతుంది. మిగిలిన పీరియడ్లలో తరగతి మొత్తం ఒక్కటిగానే ఉండాలి. ఒకరి ఆలోచన మరొకరు వినే చోటు అదొక్కటే, బెన్నీకి దక్కనిదీ అదే.

అందరికీ పట్టు వచ్చేదాకా తరగతిని ఆపాలా అని మీకు సందేహం వస్తుంది. ఆపకండి. అలా ఆపే పద్ధతిని 1987లో రాబర్ట్ స్లావిన్ పరిశీలించినప్పుడు, నెలకు పైగా నడిచిన బడి ప్రయోగాల్లో ప్రామాణిక పరీక్షల మీద లాభం దాదాపు సున్నా అని తేలింది. దిద్దుబాటుకు వెచ్చించే గంటలు ఎక్కడినుంచో తీసుకోవాలి. తర్వాతి పాఠానికి ప్రాణమైన రెండు మూడు విషయాల దగ్గర పట్టుబట్టండి, మిగిలినవాటిని దారిలో సరిచేసుకోవచ్చు.

ట్యాబ్‌లు కొనాలా వద్దా అన్నది ఇంకా నిర్ణయం కాలేదన్నారు కదా. ప్రదర్శనకు వచ్చిన రోజు, వాళ్లు చూపించేది చూశాక మీరొక లెక్క అడగండి. 403లోంచి 128 తీసివేసే లెక్క తెర మీద పెట్టించి, జవాబు చోట 325 అని మీరే కొట్టండి. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తే, అది ఆ అమ్మాయికి నేనిచ్చిన రెండో కాగితం. ఒకట్ల స్థానం దగ్గర ఆగి, మూడులోంచి ఎనిమిది తీయడానికి ఏం చేశావని అడిగితే మాత్రం, ధర ఎంతో అప్పుడు అడగండి.